మా డిగ్రీ పిల్లలను అంగన్‌వాడీకి పంపండి

తెలంగాణ విద్యాశాఖ బాధ్యులకు, ఉన్నత విద్యామండలి అధ్యక్షులకు, కాకతీయ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, వర్ధన్నపేట శాసనసభ్యులకు,



నేను వర్ధన్నపేటలో ఉంటాను. డిగ్రీ కాలేజీల్లో ముప్పై ఏళ్ళ పైచిలుకు తెలుగు పాఠం చెప్పి రిటైరయ్యాను. మా ఇంటామె అంగన్‌వాడీ టీచరుగా చేసి ఆమె కూడా ఇప్పుడు ఇంటిపట్టునే ఉంది. ఈ ఉత్తరంలో పనికొచ్చే సంగతులేమైనా ఉంటే ఎక్కువ ఆమెవే. కోపం మాత్రం నాది.

పోతన ఊరు బమ్మెర మాకు దూరమేమీ కాదు, పాలకుర్తి పక్కనే. అందుకని భాగవతం పాఠం వచ్చిందంటే నాకు కాస్త సొంతింటి పెళ్ళిలా ఉండేది. దశమస్కంధంలో యశోద కృష్ణుణ్ణి రోటికి కట్టేసే ఘట్టం గొంతెత్తి చెప్పేవాణ్ణి. తాడు ప్రతిసారీ రెండు వేళ్ళు తక్కువ పడటం, ఆమెకు చెమటలు పట్టడం, తల్లి అలసట చూసి పిల్లవాడు తనంతట తానే కట్టుబడటం, ఆ రోలు ఈడ్చుకుంటూ పోయి మద్దిచెట్లు కూల్చటం, చివరికి నందుడు వచ్చి నవ్వుతూ కట్టు విప్పటం. సర్వీసు చివరి రోజుల్లో ఒకసారి ఈ పాఠం అయ్యాక వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. “సార్, కట్టేసే పని అమ్మది, ఇప్పే పని నాయినదా?”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఇదొక చమత్కారంలా మా ఆమెకు చెప్తే ఆమె నవ్వలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండానే అడిగింది: “మన పిల్లలకు మీరు ఒక్కనాడన్న నీళ్ళు పోసిన్రా?”

పోయలేదు. మా పెద్దపిల్ల పుట్టినప్పుడు నేను వరంగల్‌లో స్పాట్ వాల్యుయేషన్‌లో ఉన్నాను. మూడోనాడు మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చాను. పేపర్లు వదిలిపెట్టి రాలేదని చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను కూడా. బాలకృష్ణుడి ముద్దుమురిపాలు పద్యాలుగా నోటికొచ్చు. సొంత పిల్ల ఎందుకేడుస్తుందో తెలియదు. నాలాంటివాడు ముప్పై ఏళ్ళు వేలమంది పిల్లలకు పాఠం చెప్పాడన్న సంగతి మీకు ముందే చెప్పుకోవడం మంచిది.

ఆ అమ్మాయి ప్రశ్న మనసులో మెదులుతూనే ఉంది. మరుసటి వారం చీటీలు పంచాను. పెళ్ళి, పిల్లలు, సంసారం అనంగనే ముందు ఏం తోస్తదో రాయండి, పేర్లొద్దు అన్నాను. మగపిల్లల చీటీల్లో అప్పు, ఫంక్షన్ హాలు, ఉద్యోగం లేనోనికి పిల్లనెవరిస్తరు అనే మాటలు. ఆడపిల్లలవి వేరు. సదువు బంద్. అత్తమ్మ ఒప్పుకుంటదో లేదో. ఒక్కరే చాలు. ఒకామె “పెళ్ళి తప్ప ఏదైనా” అని రాసి కింద గీత గీసింది. ఒక చీటీ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. బీఎస్సీ పిల్లవాడిది కాబోలు, రికార్డు కాగితం చింపి రాశాడు, వెనక సగం బెంజీన్ వలయం ఉంది. “మా నాయిన లెక్క కావద్దనుంది. మరి ఎట్ల కావాల్నో తెల్వది.”

అయ్యా, నేను ఉత్తరం రాస్తున్నది ఈ చీటీకి మీరు జవాబు చెప్తారని.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనను. 2014 అక్టోబరులో కల్యాణలక్ష్మి వచ్చింది, 51 వేలతో మొదలై 1,00,116 రూపాయలయింది. ఎమ్మెల్యే గారూ, ఆ చెక్కులు మీ చేతుల మీదుగానే పంచుతారు, ఫొటోలు చూస్తూనే ఉన్నాం. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో గుడ్డు, పాలతో ఒక పూట భోజనం. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ వచ్చింది: సబ్బు, నూనె, దోమతెర, పైగా ఆడపిల్ల పుడితే 13 వేలు, మగపిల్లవాడైతే 12 వేలు ఇస్తామన్నారు. పెళ్ళికి డబ్బు పెట్టారు, కాన్పుకు డబ్బు పెట్టారు. ఆ రెండింటి నడుమ, మూడేళ్ళు మీ కాలేజీలో కూర్చున్న పిల్లకూ పిల్లవాడికీ పసిబిడ్డ గురించి చెప్పిన గంట ఒక్కటీ లేదు.

ఇందులో డబ్బుతో పోనిది ఏముందంటారేమో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో కాన్పులు నూటికి 97 ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. సంతోషమే. అదే సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత. ఐదేళ్ళ లోపువాళ్ళలో నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకు ముందు సర్వేలో 28 ఉండేది, అంటే పెరిగింది. 20–24 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 23 మందికి పైగా 18 నిండకుండానే పెళ్ళయినవాళ్ళు. ఆసుపత్రి దాకా తీసుకుపోవడం మనకు వచ్చింది. ఆసుపత్రి గేటు దాటి ఇంటికొచ్చాక ఏం చేయాలో ఎవరికీ పట్టలేదు.

ఒకప్పుడు అది అవ్వలకు పట్టేది. మా అమ్మ పిల్లలకు నీళ్ళు పోయడం నాకు గుర్తు. చిన్న పీట మీద కూర్చొని రెండు కాళ్ళూ చాపి, ఆ కాళ్ళ నడుమ పిల్లను బోర్లా పడుకోబెట్టేది. కాగులోంచి ముంచిన నీళ్ళు ముందు తన మోకాలి మీద పోసుకొని చూసేది. తర్వాతే పిల్ల వీపు మీద. పిల్ల గుక్కపట్టి ఏడ్చేది, తర్వాత సాంబ్రాణి పొగ, తర్వాత తొట్టెల్లో మూడు గంటల నిద్ర. ఆ అవ్వలకు తెలిసినదంతా మంచిదనీ అనను. పుట్టగానే నాలుకకు తేనె రాసేవాళ్ళు, ముక్కుల్లో ఆముదం చుక్క వేసేవాళ్ళు, ముర్రుపాలు పిండి పారబోసేవాళ్ళు. ఏడాది నిండని పిల్లకు తేనె ప్రమాదమనీ, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దనీ మా ఇంటామె ఇల్లిల్లూ తిరిగి చెప్పి చెప్పి గొంతు అరగదీసుకుంది. కానీ మంచో చెడో ఒక మనిషి పక్కనుండేది. ఇప్పటి అవ్వకు నలభై ఐదేళ్ళు. మిరపకాయ ఏరడానికో పత్తి తీయడానికో ఆటోలో పోతుంది. కొడుకూ కోడలూ హన్మకొండలోనో ఉప్పల్‌లోనో ఒక రూములో ఉంటారు. యూట్యూబే వాళ్ళకు అవ్వ. అది తేనె రాయమని ఒక వీడియోలో, రాయొద్దని ఇంకో వీడియోలో చెప్తుంది.

బుధవారం టీకాలరోజు మా వైపు సబ్‌సెంటర్ దగ్గరికి ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఆడవాళ్ళు పిల్లలనెత్తుకొని లోపల వరసలో ఉంటారు. మగవాళ్ళు బయట బండ్ల మీద, ఒక కాలు నేల మీద పెట్టి, ఇంజను ఆపీ ఆపకుండా ఉంటారు. పోయిన చలికాలం మా ఇంటామెతో నేనూ పోయాను. బీకాం కంప్యూటర్స్ చదివిన నా శిష్యుడొకడు, ఫస్ట్‌క్లాసు వాడే, భార్య కార్డు రాయించుకుంటుంటే బిడ్డను పట్టుకొని నిలబడ్డాడు. ఆరువారాల పిల్ల, మొదటి పెంటా టీకాకు వచ్చింది. వాడు పట్టుకున్న తీరుకు పిల్ల తల వెనక్కి వేలాడుతున్నది. మా ఆమె ఉరికి పోయి మెడ కింద చెయ్యి పెట్టింది. “మెడ ఇంకా నిలవలే కొడుకా. మూడు నాలుగు నెలలు గిట్ల అరచేతి మీదనే ఉండాలె.” వాడి మొహం పాలిపోయింది. సిగ్గుతో కాదు, భయంతో. తర్వాత నా వైపు తిరిగి అన్నాడు: “నాకెవరు చెప్పిన్రు సార్?”

ఎవరూ చెప్పలేదు. వాడికి జీఎస్టీ చెప్పాం, టాలీ చెప్పాం, నేను ద్విగు సమాసం చెప్పాను.

ఇది కాలేజీ అయ్యాక వచ్చే సంగతి, ఇప్పుడే ఎందుకు అనేవాళ్ళ కోసం ఇంకొకటి చెప్పాలి. నేను తప్పు చేసిన సంగతి ఇది. ఒక సెమిస్టరు పరీక్ష, ఎక్కడో రాయను. ఒక అమ్మాయి పేపరు మొదలైన పది నిమిషాలకే లేచి బయటికి పోవాలంది. అరగంట దాకా ఎవరూ పోవద్దు, నిబంధన. కూర్చోమన్నాను. ఆమె కూర్చుంది. రాయడం లేదు, చున్నీ ముందుకు లాక్కొని కిటికీ వైపు చూస్తున్నది. బయట వేపచెట్టు కింద ఒక పెద్దామె ఒళ్ళో పసిపిల్ల ఏడుస్తున్నది. నాకు ఏడుపు వినిపించింది గానీ దానికీ ఈ పిల్లకూ సంబంధం తట్టలేదు. పక్క హాలు మేడం గారు అటుగా వచ్చి ఒక్క చూపు చూసి, నన్నడక్కుండా ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది. తడిసిపోయిన బట్టలు అప్పుడు చూశాను. మీ కాలేజీల్లో తల్లులు ఇప్పటికే ఉన్నారు. తండ్రులూ ఉన్నారు, కాకపోతే వాళ్ళ బట్టలు తడవవు కాబట్టి తెలియదు.

ఈ చదువు మనకు కొత్తదేమీ కాదు. గృహవిజ్ఞానం అని బళ్ళలో, కాలేజీల్లో ఉండేది. హైదరాబాదు సైఫాబాదులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి హోంసైన్సు కాలేజీలో శిశువికాసం ఒక శాస్త్రంగా చెప్తూనే వచ్చారు. కానీ అది ఆడపిల్లల చదువు అని ముద్రపడింది. మగపిల్లవాడు అటు పోతే నవ్వేవాళ్ళు. ఎంపీసీ, బైపీసీ గాలి వీచాక ఆడపిల్లలూ అటు పోవడం తగ్గించారు. చలం ‘బిడ్డల శిక్షణ’ అని ఒక పుస్తకమే రాశాడు. ఆయన ‘మైదానం’ నవల చదివినవాళ్ళలో దాన్ని ముట్టుకున్నవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. నేనూ రిటైరయ్యాకే చదివాను. పిల్లల్ని కొట్టకుండా పెంచడం గురించి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా చేసిన ఆ చలం తెలుగులో అంత పట్టుదలగా వాదించాడని ముందే తెలిసి ఉంటే, మా చిన్నోడికి కొన్ని దెబ్బలు తప్పేవి.

ఇటీవలి మాట కూడా ఉంది. తెలంగాణ వచ్చిన కొత్తల్లో ఇంజనీరింగు పిల్లలకు స్త్రీ పురుష సమానత్వం మీద ఒక కోర్సు పెట్టారు. తెలుగు అకాడమీ 2015లో దానికి రెండు భాషల్లో పాఠ్యపుస్తకం వేసింది. ఇంట్లో ఆడవాళ్ళు చేసే కంటికి కనపడని చాకిరీ మీద అందులో ఒక పాఠమే ఉంది. మంచి పుస్తకం. దాని పక్కన పెట్టి చూడవలసిన లెక్క ఒకటి 2019లో కేంద్రం చేసిన కాల వినియోగ సర్వేలో ఉంది: ఇంటిపనిలో చెయ్యిపెట్టే ఆడవాళ్ళు నూటికి 81 మంది, మగవాళ్ళు 26 మంది. ఆ పని చేసే ఆడవాళ్ళకు రోజుకు 299 నిమిషాలు పడుతుంటే, చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. పుస్తకం దారి చూపింది గానీ, చంటిబిడ్డ మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో పుస్తకంలో చూసి నేర్చుకోలేం.

మిగతా లోకం ఏం చేసిందో రెండు ముక్కల్లో చెప్తాను. జపాన్‌లో గృహవిజ్ఞానం మనలాగే ఆడపిల్లలదిగా ఉండేది. 1993లో మాధ్యమిక పాఠశాలల్లో, 1994లో ఉన్నత పాఠశాలల్లో మగపిల్లలకూ తప్పనిసరి చేశారు. తైవాన్ 2003లో కుటుంబ విద్యకు ఒక చట్టమే చేసి బళ్ళలో ఏడాదికి కనీసం 4 గంటలు పెట్టమంది. నాకు అన్నిటికన్నా నచ్చింది కెనడాలోని టొరంటోది. అక్కడ మేరీ గోర్డన్ అనే టీచరమ్మ 1996లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. తల్లో తండ్రో చంటిబిడ్డను నెలనెలా తరగతి గదికి తీసుకొస్తారు, ఆకుపచ్చ దుప్పటి పరిచి మధ్యలో పడుకోబెడతారు. ఆ బిడ్డ బోర్లపడేది, పాకేది, కొత్తవాళ్ళను చూసి ఏడ్చేది ఏడాది పొడుగునా పిల్లలు చూస్తారు. ఎందుకేడుస్తుందో ఊహిస్తారు. పాఠమంతా అంతే.

మనకు దుప్పటి కూడా కొనే పనిలేదు. కాలేజీకి నడిచిపోయేంత దూరంలో అంగన్‌వాడీ ఉంది. నేనడిగేది ఇంతే: డిగ్రీ రెండో ఏడు చదివే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఒక సెమిస్టరులో ఇరవై గంటలు అంగన్‌వాడీలో గడపాలి. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరిన పిల్లలకు ఏడాదికి 120 గంటల సేవ ఇప్పటికే ఉంది. ఆ గంటల్లో మొక్కలు నాటి ఫొటో దిగుతారు, మరుసటి ఏడు అదే గుంతలో మళ్ళీ నాటుతారు. అందులోంచి ఇరవై తీసుకోండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో లేనివాళ్ళకు రెండు క్రెడిట్లు ఇవ్వండి.

అక్కడ ఏం చేస్తారంటే, చూస్తారు. తూకం వేసే రోజు పిల్లను స్ప్రింగు కాటాకు వేలాడే గుడ్డ నిక్కరులో కూర్చోబెట్టడానికి సాయం పడతారు. ముల్లు ఎక్కడ ఆగిందో చూసి చార్టులో చుక్క పెడతారు. ఆ చుక్క కిందికి జారితే టీచరు ముందు ఏమడుగుతుందో వింటారు. “ఇంట్ల ఎవరన్న పోయిన్రా? తండ్రి పనికి పోతుండా?” అని అడుగుతుంది. ఆరు నెలలు నిండినాక ఇచ్చే బాలామృతం ప్యాకెట్టు ఎలా కలపాలో నేర్చుకుంటారు. దాన్ని బర్రెదూడకు పోసిన ఇండ్లు మా ఆమెకు తెలుసు. ఎందుకు పోశారని తిట్టకుండా అడిగితే, పిల్ల మొదటిసారి ఉమ్మేసింది, ఇష్టం లేదనుకున్నాం అన్నారట. చంటిపిల్ల కొత్తరుచిని ఎనిమిది పదిసార్లు ఉమ్మేస్తుంది, అయినా మళ్ళీ పెట్టాలి అన్న ఒక్కమాట తెలిస్తే ఆ ప్యాకెట్టు దూడకు పోయేది కాదు.

పాఠం అంగన్‌వాడీ టీచరే చెప్పాలి. గెస్ట్ ఫ్యాకల్టీకి గంటకు ఏమిస్తారో ఆమెకూ అదే ఇవ్వాలి. ఇందులో బేరం పెట్టకండి. మా ఇంటామె దగ్గర ఈ మాట ఎత్తితే, “నన్ను కాలేజీల మేడం అంటరా?” అని నవ్వింది. ఆ నవ్వులో ముప్పై ఏళ్ళ గౌరవవేతనం ఉంది.

పసిపిల్లలున్న చోటికి పెద్దపిల్లల్ని పంపుతున్నాం కాబట్టి జాగ్రత్త ఉండాలి. టీచరూ ఆయమ్మా ఎదురుగా లేకుండా ఎవరూ పిల్లల దగ్గర ఒంటరిగా ఉండొద్దు, ఫొటోలు తీయొద్దు, ఫోన్లు గడప దగ్గరి బుట్టలో పెట్టాలి. పోక్సో చట్టంలో ఏముందో మొదటి గంటలోనే చెప్పాలి. అది కూడా తండ్రీతల్లీ కాబోయేవాళ్ళకు తెలియాల్సిన పాఠమే.

రెండు భయాలు నాకున్నాయి. మీరు ఒప్పుకోరని కాదు, ఒప్పుకొని పాడుచేస్తారని.

మొదటిది, దీన్ని పేపరు చేస్తారని. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాన్ని బట్టి 2003 తర్వాత డిగ్రీలో పర్యావరణం తప్పనిసరి సబ్జెక్టయింది. మంచి ఉద్దేశమే. ఏమయింది? గైడు వచ్చింది. ఓజోను పొర గురించి రెండు పేజీలు రాసిన పిల్లవాడికి తన ఊరి పక్కనే పారే ఆకేరు వాగు ఇసుక ఎటు పోయిందో తెలియదు. నేను ఆ పేపర్లు దిద్దాను, అందుకే చెప్తున్నాను. ‘ఆదర్శ మాతృమూర్తి లక్షణములు వివరింపుము’ అనే పది మార్కుల ప్రశ్న ఒకటి వచ్చిన రోజు ఈ పథకం చచ్చినట్టే. పరీక్ష వద్దు. హాజరు చాలు, టీచరు సంతకం చాలు.

రెండోది ఇంకా పెద్దది. కుటుంబ జీవితం మీద పాఠం అనగానే ఎవరో ఒక ఉపన్యాసకుణ్ణి పిలిపించి ఆడపిల్లలకు సర్దుకుపోవడం నేర్పిస్తారు. మన సంస్కృతి, సహనం, సీత. “పెళ్ళి తప్ప ఏదైనా” అని గీత గీసిన పిల్లను పెళ్ళికి ఒప్పించడం ఈ చదువు పని కాదు. ఆమె ఎన్నడూ పెళ్ళి చేసుకోకపోవచ్చు, ఆమె ఇష్టం. అయినా చెల్లెలి బిడ్డనో పక్కింటి బిడ్డనో ఎత్తుకుంటుంది. ఎంతమందిని కనాలో చెప్పే నాయకులకు ఇప్పుడు కొదవలేదు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో నిలబడొద్దన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది, జనాభా తగ్గుతున్నదని. మన దగ్గరా 2019–21 సర్వే లెక్కన సగటున ఒక్కో ఆడమనిషికి 1.8 మందే. తగ్గుతున్నది నిజమే. కానీ ఆ చీటీల్లో ఆడపిల్లలు ఒక్కరే చాలు అని ఎందుకు రాశారో ఆ నాయకుల్లో ఎవరైనా అడిగారా? వాళ్ళమ్మ ఒక్కతే ముగ్గుర్ని పెంచడం చూసి రాశారు. నాయినకు చంటిపిల్లను పట్టుకోవడం వచ్చిన ఇంట్లో లెక్క వేరుగా ఉండొచ్చు.

ఉపకులపతి గారూ, విశ్వవిద్యాలయం పరిధిలో అన్ని కాలేజీల్లో ఒకేసారి మొదలుపెట్టమనను. ముందు మా వర్ధన్నపేటలో, పర్వతగిరిలో, ఐనవోలులో చేసి చూడండి. ఐనవోలు మల్లన్న జాతరకు సంక్రాంతి నుంచి లక్షల మంది వస్తారు, పిల్లలు కలగాలని మొక్కి పట్నాలు వేయిస్తారు. మొక్కినవాళ్ళలో మీ విద్యార్థులూ ఉంటారు. ఒక ఏడాది చూశాక ఏం పనికొచ్చిందో, ఏం పనికిరాలేదో ఆ అంగన్‌వాడీ టీచర్లనే కూర్చోబెట్టి అడగండి. నివేదిక వాళ్ళు నోటితో చెప్తే చాలు, రాసే పని మేం రిటైరైన వాళ్ళం చూసుకుంటాం.

నా శిష్యుడు, ఆ బీకాం పిల్లవాడు, పధ్నాలుగో వారం టీకాకు మళ్ళీ వచ్చాడు. ఈసారి బండి స్టాండు వేసి లోపలికి వచ్చాడు. మా ఆమెను చూడగానే బిడ్డను అరచేతి మీదికి మార్చుకొని చూపించాడు. “ఇప్పుడు మెడ నిలుస్తున్నది మేడం, అయినా పడ్తున్న.” ఆమె చూసి, మోచెయ్యి కొంచెం పైకెత్తమంది.

మీలో ఎవరికి వీలైతే వాళ్ళు ఒక పొద్దు వర్ధన్నపేట రండి. ముందుగా చెప్పొద్దు, చెప్తే ముగ్గులేసి పూలదండ తెస్తారు. మా వీధి చివరి అంగన్‌వాడీకి పిల్లలు తొమ్మిదింటికల్లా వస్తారు. పెద్దవాళ్ళకు కుర్చీలుండవు, చాప మీద కూర్చోవాలి. చెప్పులు బయట విడవండి. లోపల పాకే పిల్లలుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు అధ్యాపకుడు,
వర్ధన్నపేట, వరంగల్ జిల్లా